చెరువు గట్టు మీది కంప్యూటర్‌కు వాచ్‌డాగ్

భీమవరం, ఉండి, ఆకివీడు, మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి రెండు దాటాక అసలు భయం మొదలవుతుంది. పగలు నీటిలోని ప్లవకాలు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తాయి. చీకటి పడ్డాక అవీ, రొయ్యలూ, అడుగున పేరుకున్న బురదా కలిసి ఆ ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి, కొత్తగా పుట్టించేది మాత్రం ఏదీ ఉండదు. అందుకే నీటిలో కరిగిన ఆక్సిజన్, రైతుల మాటలో డీఓ, తెల్లవారుజామున అట్టడుగుకు దిగుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే వనామి రొయ్య మేత సరిగా తీసుకోదు. ఇంకా దిగితే పైకి తేలుతుంది. ఆ తరువాత చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఈ దిగుడును కనిపెట్టడానికి మన దగ్గరే పరికరాలు పుట్టాయి. విజయవాడలో 2012లో మొదలైన ఏరువాక టెక్నాలజీస్, నీటిపై తేలుతూ డీఓనూ ఉష్ణోగ్రతనూ కొలిచి రైతు ఫోనుకు పంపే పద్ధతిని డెల్టా చెరువులకు పరిచయం చేసిన సంస్థల్లో ఒకటి. ఇప్పుడు డిప్లొమా, బీటెక్ చదివిన కుర్రాళ్లు చాలామంది సొంతంగానే ఒక చిన్న లినక్స్ బోర్డు, ఒక డీఓ ప్రోబ్, ఒక 4జీ మోడెమ్, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లను వేసి ఆపడానికి నాలుగు రిలేలు కలిపి గట్టు మీది షెడ్డులో పెడుతున్నారు. ఈ అధ్యాయం వాళ్ల కోసం. మీరు అమర్చిన పెట్టె అర్ధరాత్రి బిగుసుకుపోతే దాన్ని ఆపి మళ్లీ వేయడానికి అక్కడ ఎవరూ ఉండరు. కాపలా మనిషి ఉన్నా అతనికి తెర మీద చివరి అంకె కనిపిస్తూనే ఉంటుంది. 5.2 అని చూపిస్తుంటే ఎవరికైనా ధైర్యంగానే ఉంటుంది. ఆ 5.2 రాత్రి పదకొండింటిదని అతనికెలా తెలుస్తుంది?

దీనికి విరుగుడుగా దాదాపు ప్రతి ప్రాసెసర్‌లోనూ ఒక చిన్న గడియారం ఉంటుంది. అదే వాచ్‌డాగ్ టైమర్. మొదలుపెట్టిన దగ్గర్నుంచి అది కిందికి లెక్కపెట్టుకుంటూ పోతుంది. సున్నా దాకా వస్తే ప్రాసెసర్‌ను రీసెట్ చేస్తుంది. అలా కాకుండా ఉండాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ గడువులోగా ‘నేను పనిచేస్తున్నాను’ అని కబురు పంపుతూ ఉండాలి. కబురు అందగానే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ మొత్తం బిగుసుకున్నా ఈ గడియారం నడుస్తూనే ఉంటుంది, దాని విలువంతా అందులోనే ఉంది. అయితే ఈ పనిలో అందరూ గడువు ఎన్ని సెకన్లు పెట్టాలా అని ఆలోచిస్తారు గానీ, ఆ కబురు ఎవరు పంపుతున్నారు, ఏ ఆధారంతో పంపుతున్నారు అని ఆలోచించరు. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. మిగతాదంతా దాని తరువాతే.

ముందు మీ పెట్టెలో ఏముందో చూసుకుందాం. ఇక్కడ ఫైళ్ల పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు కీబోర్డు మీద మామూలుగానే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. లినక్స్‌లో /సిస్/క్లాస్/వాచ్‌డాగ్ అనే డైరెక్టరీ తెరవండి. అందులో వాచ్‌డాగ్0 కనిపిస్తే కెర్నెల్ మీ చిప్‌లోని టైమర్‌ను గుర్తుపట్టినట్టే. కనిపించకపోతే డ్రైవర్ లోడ్ కాలేదన్నమాట. ఉబుంటు వంటి పంపిణీల్లో వాచ్‌డాగ్ డ్రైవర్లను వాటంతట అవి లోడ్ కాకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెడతారు, కాబట్టి కావలసిన మాడ్యూల్‌ను మీరే లోడ్ చేయమని రాసిపెట్టుకోవాలి. ఇంటెల్ బోర్డుల్లో అది సాధారణంగా ఐటీసీఓ డ్రైవర్, రాస్ప్‌బెర్రీ పైలో బ్రాడ్‌కామ్ 2835 డ్రైవర్. వాచ్‌డాగ్0 లోపలి ఐడెంటిటీ అనే ఫైలును క్యాట్‌తో చదివితే ఏ డ్రైవరో పేరుతో సహా చెబుతుంది. అక్కడ సాఫ్ట్‌వేర్ వాచ్‌డాగ్ అని వస్తే మాత్రం జాగ్రత్త పడండి. అది సాఫ్ట్‌డాగ్, కెర్నెల్‌లో నడిచే ఉత్త టైమర్. కెర్నెలే బిగుసుకుంటే అదీ బిగుసుకుంటుంది. నేర్చుకోవడానికి పనికొస్తుంది గానీ చెరువు మీద దాన్ని నమ్ముకోకూడదు.

ఆ డైరెక్టరీలోనే స్టేట్ ఫైలు టైమర్ నడుస్తోందో లేదో చెబుతుంది. టైమ్‌అవుట్ ఫైలులో గడువు సెకన్లలో ఉంటుంది. టైమ్‌లెఫ్ట్ ఉంటే ఇంకెంత మిగిలిందో తెలుస్తుంది, కొన్ని డ్రైవర్లకు ఆ సదుపాయం లేదు కాబట్టి ఆ ఫైలే కనబడదు. నోవేఅవుట్ 1 అయితే టైమర్‌ను ఒకసారి మొదలుపెట్టాక ఎవరూ ఆపలేరు. గట్టు మీద వదిలేసే యంత్రానికి 1 ఉండటమే మంచిదని నా అభిప్రాయం. కబురు పంపే ప్రోగ్రామే దారి తప్పి టైమర్‌ను ఆపేసి వెళ్లిపోయే అవకాశం అప్పుడు ఉండదు.

బూట్‌స్టేటస్ ఫైలు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. యంత్రం కిందటిసారి ఎందుకు లేచిందో ఇందులో ఉంటుంది. దీన్ని ఒక్కో బిట్‌గా చదవాలి. 32 అని ఉంటే వాచ్‌డాగే రీసెట్ చేసిందని అర్థం. 1 అంటే వేడెక్కడం వల్ల, 16 అంటే కరెంటు వోల్టేజీ తగ్గడం వల్ల. మేలో షెడ్డు రేకుల కింద మూసిపెట్టిన ప్లాస్టిక్ పెట్టెలో బోర్డు ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. అయితే ప్రతి డ్రైవరూ ఈ సమాచారం ఇవ్వదు. అందుకని 0 కనిపించినంత మాత్రాన వాచ్‌డాగ్ పని చేయలేదని తేల్చేయకండి. యంత్రం లేచిన ప్రతిసారీ ఈ అంకెనూ సమయాన్నీ ఒక ఫైలులో చేర్చే చిన్న స్క్రిప్టు రాసిపెట్టుకోండి. రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో చాలావాటికి బ్యాటరీ గడియారం ఉండదు. నెట్‌వర్క్ దొరికేదాకా తేదీ తప్పుగా ఉంటుంది. సమయం సరయ్యాకే ఆ స్క్రిప్టు నడిచేలా చూడండి, లేకపోతే జరిగిన వరుస తలకిందులుగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక పెద్ద ఉచ్చు ఉంది. /సిస్ కింద ఉన్నవి చాలావరకు చదవడానికే. గడువు మార్చాలని టైమ్‌అవుట్ ఫైలులోకి అంకె రాయబోతే అనుమతి లేదంటుంది. అప్పుడు చాలామంది /డెవ్/వాచ్‌డాగ్ వైపు చూస్తారు. అందులో ఏముందోనని క్యాట్ కొడతారు. ఆ ఫైలును తెరవడమంటేనే టైమర్‌ను మొదలుపెట్టడం. చదవడానికి అందులో ఏమీ లేదు కాబట్టి క్యాట్ వెంటనే లోపం చెప్పి బయటికి వస్తుంది, కానీ టైమర్ ఆగదు. ‘వాచ్‌డాగ్ ఆగలేదు’ అని కెర్నెల్ లాగ్‌లో ఒక వాక్యం పడుతుంది, గడువు తీరగానే యంత్రం రీసెట్ అవుతుంది. మూసేముందు పెద్ద ‘వి’ అక్షరం రాస్తేనే టైమర్ ఆగుతుంది, అదీ నోవేఅవుట్ 0 ఉన్నప్పుడే. ఇది లోపం కాదు, కావాలనే ఇలా పెట్టారు. కబురు పంపే ప్రోగ్రాము కూలిపోతే ఫైలు దానంతట అదే మూసుకుపోతుంది. ఆ మూసుకోవడాన్ని ‘ఇక కాపలా వద్దు’ అన్న అర్థంలో తీసుకోకూడదు కదా. వివరాలన్నీ ఒకేచోట చూడాలనుకుంటే డబ్ల్యూడీసీటీఎల్ అనే ఆజ్ఞ వాడండి.

మరి కబురు ఎవరు పంపాలి? సిస్టమ్‌డీ ఉన్న యంత్రాల్లో ఆ పని దానికే అప్పగించడం తేలిక. /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్.కాన్ఫ్ ఫైలులో మేనేజర్ విభాగం కింద రన్‌టైమ్‌వాచ్‌డాగ్‌సెక్=14 అని రాసి యంత్రాన్ని రీబూట్ చేయండి. సిస్టమ్‌డీ ఆ గడువును టైమర్‌కు తానే చెప్పి, అందులో సగం కాలానికొకసారి కబురు పంపుతుంది. పద్నాలుగే ఎందుకంటే రాస్ప్‌బెర్రీ పై చిప్‌లోని లెక్కల రిజిస్టర్ 15 సెకన్లకు మించి పట్టదు. ఇంటెల్ బోర్డుల్లో నిమిషమైనా పెట్టుకోవచ్చు. రీబూట్ అయ్యాక స్టేట్‌లో యాక్టివ్ అని ఉండాలి, టైమ్‌లెఫ్ట్‌ను మళ్లీ మళ్లీ చదివితే సగం దాకా దిగి మళ్లీ పైకి లేవాలి. అలా లేస్తుంటే మొదటి అంచె పూర్తయినట్టు.

దీనితో పాటు కెర్నెల్‌కూ ఒక మాట చెప్పాలి. /ప్రాక్/సిస్/కెర్నెల్/ప్యానిక్ ఫైలులో 0 ఉంటే, కెర్నెల్ చేతులెత్తేసినప్పుడు అలాగే నిలబడిపోతుంది. అక్కడ 10 ఉంటే పది సెకన్ల తరువాత తానే రీబూట్ అవుతుంది. ఈ విలువ ఎప్పటికీ నిలవాలంటే /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ కింద ఒక ఫైలులో రాయాలి. /ప్రాక్/సిస్/కెర్నెల్ డైరెక్టరీలోనే ప్యానిక్ పక్కన వాచ్‌డాగ్, వాచ్‌డాగ్_థ్రెష్ అనే ఫైళ్లు కనిపిస్తాయి. వాటిని చూసి హార్డ్‌వేర్ టైమర్ ఇదేనని పొరబడకండి. ఏదైనా ప్రాసెసర్ కోర్ ఇరుక్కుపోయిందేమో కెర్నెల్ తనను తాను తనిఖీ చేసుకునే ఏర్పాటు అది, చిప్‌లోని టైమర్‌కు దానితో సంబంధం లేదు.

కొన్ని చిప్‌లలో ప్రీటైమ్‌అవుట్ అనే వసతి కూడా ఉంది. అది వరద హెచ్చరిక లాంటిది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. ముంపు రాకముందే లంకల్లో మనుషులు సర్దుకోవడానికి సమయం దొరకాలని ఆ ఏర్పాటు. ప్రీటైమ్‌అవుట్ కూడా రీసెట్‌కు కొన్ని సెకన్ల ముందే కెర్నెల్‌ను తడుతుంది. ప్రీటైమ్‌అవుట్_గవర్నర్ ఫైలులో ప్యానిక్ అని రాస్తే, ఆ మిగిలిన సమయంలో యంత్రం ఏ పనిలో ఇరుక్కుందో లాగ్‌లో పడే అవకాశం ఉంటుంది. మీ బోర్డులో ఈ ఫైలు ఉంటే తప్పక వాడుకోండి, లేకపోతే దాని కోసం కొత్త బోర్డు కొనాల్సినంత అవసరం లేదు.

ఇంతవరకు చేసింది చాలని ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. ఒక్కసారి ఆలోచించండి. ఇప్పుడు కబురు పంపుతున్నది సిస్టమ్‌డీ. అది బాగానే ఉంది. మీ డీఓ చదివే ప్రోగ్రాము మాత్రం ప్రోబ్ నుంచి జవాబు కోసం ఎదురుచూస్తూ రాత్రి పదకొండింటి నుంచి నిలబడిపోయింది. టైమర్‌కు ఠంచనుగా కబురు అందుతోంది, తెర మీద 5.2 వెలుగుతోంది, చెరువులో డీఓ మూడుకు దిగుతోంది. ఆ రాత్రి వాచ్‌డాగ్ తనకు చెప్పిన పని తాను చేసింది. దానికి చెప్పిన పనే తక్కువైంది.

1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన నాసా పాత్‌ఫైండర్ విషయంలో ఇంజనీర్లు అసలు పని జరుగుతోందా అన్న ప్రశ్నను ముందే సరిగా అడిగారు. సమాచార బస్సును నడిపే పని ప్రతి చక్రంలోనూ సమయానికి పూర్తయిందా లేదా అని మరో పని తనిఖీ చేసేది. దిగిన కొన్ని రోజులకు యంత్రం మాటిమాటికీ రీసెట్ కాసాగింది. వాతావరణ సమాచారం సేకరించే ఒక తక్కువ ప్రాధాన్యపు పని ఉమ్మడి తాళాన్ని పట్టుకుని కూర్చోవడంతో ఎక్కువ ప్రాధాన్యపు పని ఆగిపోతోంది. పని పూర్తి కాలేదని తనిఖీ పట్టేసింది, యంత్రాన్ని రీసెట్ చేసింది. భూమి మీద అలాంటిదే ఇంకో యంత్రం మీద అదే తప్పును మళ్లీ పుట్టించి, కారణం కనుక్కుని, సరిచేసే మార్పును అక్కడికి పంపారు. యంత్రం బతికుందా అని మాత్రమే తనిఖీ చేసి ఉంటే ఆ లోపం అంత స్పష్టంగా బయటపడేది కాదు.

మన చెరువు పెట్టెకూ అలాంటి రెండో అంచె కావాలి. మీ ప్రోగ్రాము నడిచే సర్వీస్ ఫైలులో టైప్=నోటిఫై, వాచ్‌డాగ్‌సెక్=90, రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్ అని రాయండి. అప్పుడు మీ ప్రోగ్రాము 90 సెకన్లలోగా సిస్టమ్‌డీకి వాచ్‌డాగ్=1 అనే సందేశం పంపాలి. పంపకపోతే సిస్టమ్‌డీ దాన్ని చంపి మళ్లీ మొదలుపెడుతుంది. అలా పదే పదే చచ్చి లేస్తుంటే మొత్తం యంత్రాన్నే రీబూట్ చేసేలా స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వెల్‌సెక్, స్టార్ట్‌లిమిట్‌బర్స్ట్, స్టార్ట్‌లిమిట్‌యాక్షన్ అనే మూడు పదాలున్నాయి. పదిహేను నిమిషాల్లో నాలుగుసార్లు దాటితే రీబూట్ అని పెట్టుకుంటే సరిపోతుంది. ప్రోగ్రామును సిస్టమ్‌డీ చూసుకుంటుంది, సిస్టమ్‌డీని చిప్‌లోని టైమర్ చూసుకుంటుంది.

ఆ సందేశాన్ని ప్రోగ్రాములో ఎక్కడ పెట్టారన్నదే అన్నిటికంటే ముఖ్యం. పది సెకన్లకొకసారి దానంతట అదే పంపే వేరే థ్రెడ్‌లో పెడితే అంతా వృథా, అసలు పని ఆగినా ఆ థ్రెడ్ పంపుతూనే ఉంటుంది. ప్రోబ్‌ను అడిగి, జవాబు తీసుకుని, దాన్ని మెమరీ కార్డు మీద రాసి, రిలే నిర్ణయం తీసుకున్నాక, ఆ చక్రం చివర ఒకే ఒక్కచోట పెట్టండి. సర్వర్‌కు పంపడం మాత్రం ఇందులో కలపకండి. తుఫాను రోజుల్లో టవర్ ఆగిపోతే చెరువు పెట్టె రీబూట్ల మీద రీబూట్లు కావడం ఎవరికీ మేలు కాదు. ఆ సమాచారాన్ని దాచుకుని నెట్‌వర్క్ వచ్చాక పంపవచ్చు. ఎంతకీ రాకపోతే ముందు మోడెమ్‌ను మాత్రమే ఆపి వేయాలి.

ప్రోబ్ చెడిపోవడం వేరే సంగతి. కొద్ది రోజులు నీటిలో ఉంటే చాలు, ప్రోబ్ మీద నాచు పట్టి అంకెలు తప్పుతాయి. యంత్రాన్ని వందసార్లు రీసెట్ చేసినా నాచు పోదు. కాబట్టి ప్రోబ్ జవాబివ్వకపోయినా, నమ్మశక్యం కాని అంకె ఇచ్చినా, గంటసేపు దశాంశంతో సహా ఒకే అంకె ఇచ్చినా ప్రోగ్రాము దాన్ని లోపంగా నమోదు చేసి, రైతుకు ఫోను చేసి, ఏరియేటర్లన్నీ వేసేసి, ఆ తరువాత మామూలుగానే వాచ్‌డాగ్‌కు సందేశం పంపాలి. లోపాన్ని కనిపెట్టి నిజం చెప్పిన ప్రోగ్రాము తన పని చేసినట్టే. రీసెట్‌తో నయమయ్యే జబ్బేదో, మనిషి వచ్చి చేయి పెట్టాల్సిన జబ్బేదో విడదీసి రాయడంలోనే మీ పనితనం తెలుస్తుంది.

రిలేల గురించి చెప్పకపోతే ఇదంతా ప్రమాదమే. వాచ్‌డాగ్ రీసెట్ చేసిన క్షణంలో బోర్డు పిన్నులన్నీ వాటి మొదటి స్థితికి పోతాయి, రిలేలు సాధారణంగా వదులవుతాయి. యంత్రం మళ్లీ లేచేసరికి నిమిషం పట్టవచ్చు, కార్డు దెబ్బతింటే అసలు లేవకపోవచ్చు. ఏరియేటర్ల కంటాక్టర్‌ను రిలే పట్టుకుంటేనే నడిచేలా కలిపి ఉంటే, ఆ వేళకు చెరువులో ఒక్క చక్రం కూడా తిరగదు. రిలే వదిలితే ఏరియేటర్లు నడిచేలా, పట్టుకుంటే ఆగేలా కలపాలి. పెట్టె చచ్చిపోతే నష్టం కరెంటు బిల్లు వరకే ఉండాలి, పంట మీదికి రాకూడదు. అలా కలిపినప్పుడు రీసెట్ అయిన వెంటనే మోటార్లన్నీ ఒక్కసారిగా లేచి జనరేటర్ మీద భారం పడుతుంది. ఒక్కో కంటాక్టర్‌కు కొన్ని సెకన్ల తేడాతో టైమర్ రిలేలు వేయించండి. ఈ పనిని త్రీఫేజ్ తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, తడి గట్టు మీద మీరు ప్రయోగాలు చేయకండి.

పరీక్షించని వాచ్‌డాగ్‌ను ఉన్నట్టుగా లెక్క వేసుకోకూడదు. పగటిపూట, రైతు గట్టు మీద ఉండగా, ఏరియేటర్లను చేతితో వేసే స్విచ్‌కు మార్చి పరీక్ష మొదలుపెట్టండి. మొదట మీ ప్రోగ్రాముకు కిల్ ఆజ్ఞతో స్టాప్ సంకేతం పంపి నిలబెట్టేయండి. కాసేపటికి సిస్టమ్‌డీ దాన్ని తీసేసి కొత్తగా మొదలుపెట్టాలి. తరువాత సింక్ కొట్టి, ప్యానిక్ విలువను తాత్కాలికంగా 0 చేసి, /ప్రాక్/సిస్‌ఆర్‌క్యూ-ట్రిగర్ ఫైలులోకి చిన్న ‘సి’ అక్షరం రాయండి. కెర్నెల్ అక్కడికక్కడే కూలుతుంది. ఎవరూ ముట్టుకోకుండా యంత్రం పదిహేను సెకన్లలోపు రీసెట్ కావాలి, ఆ వేళ రిలేలు ఏం చేస్తున్నాయో కళ్లతో చూడాలి. ప్యానిక్‌ను 10కి ముందే మార్చి పరీక్షిస్తే లేపింది కెర్నెలో, టైమరో తేలదు. లేచాక జర్నల్‌సీటీఎల్‌లో కిందటి బూట్ లాగ్ కనబడాలి. కనబడకపోతే /వార్/లాగ్/జర్నల్ డైరెక్టరీ లేదన్నమాట, దాన్ని సృష్టించి పెట్టండి.

ఇకపై రీసెట్‌ల లెక్క మీ దగ్గర దాచుకోకండి. నెలలో ఒకసారి జరిగితే రాసి పెట్టుకుని గమనించండి. రోజుకొకసారి జరుగుతుంటే వాచ్‌డాగ్ బాగా పనిచేస్తోందని సంతోషపడకండి. అడాప్టర్ వోల్టేజీ, కార్డు, పెట్టెలో వేడి, ప్రోగ్రాము మెమరీ వాడకం ఒక్కొక్కటీ చూసి కారణం పట్టుకోండి. మాటిమాటికీ అర్ధంతరంగా రీసెట్ కావడం మెమరీ కార్డును పాడుచేస్తుంది కూడా. పిల్ల వేయకముందే ఈ పరీక్షలన్నీ పూర్తిచేయండి, ప్రతి పట్టుబడి తరువాత చెరువు ఎండగట్టిన రోజుల్లో మళ్లీ చేయండి. పెట్టె ఏం చేయగలదో, ఏం చేయలేదో ఒక కాగితం మీద తెలుగులో రాసి, మీ ఫోను నంబరుతో సహా షెడ్డు గోడకు అంటించి, రాత్రి కాపలా ఉండే మనిషికి దాన్ని ఒకసారి చదివి వినిపించి రండి.